ఫైటర్ జెట్ ఆర్కేడ్ ఆటలు

జెట్ యుద్ధవిమానంలో కూర్చుని ఆకాశంలో శత్రువుతో తలపడే వీడియో గేములు రెండు జాతులు. మొదటిది సిమ్యులేటర్. కాక్‌పిట్‌లోని స్విచ్చులు, ఇంధనం, గాలివాటం, రాడార్ పనితీరు అన్నీ నిజానికి వీలైనంత దగ్గరగా ఉండాలని అది పట్టుబడుతుంది. రెండోది ఆర్కేడ్ ఆట. ఇంజిన్ స్టార్ట్ చేసే తతంగమంతా పక్కన పెట్టి, మొదటి నిమిషంలోనే ఆటగాణ్ణి పోరులోకి దింపుతుంది. ఈ వ్యాసం రెండో జాతి గురించి, ముఖ్యంగా అది తెలంగాణ-మహారాష్ట్ర సరిహద్దులోని బిలోలి వంటి తెలుగు మాట్లాడే ఊళ్ల పిల్లలకు చేరిన తీరు గురించి.

ఆర్కేడ్ ఆటను తక్కువరకంగా చూసే అలవాటు సిమ్యులేటర్ అభిమానుల్లో ఉంది. అది సరికాదు. విమానం నడపడం ఏళ్ల తరబడి నేర్చుకునే విద్య. అందులోంచి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడమే ఆర్కేడ్ ఆట తయారుచేసేవాడి అసలు పని. ఆ ఎంపిక కుదిరిన ఆటలను ముప్పై, నలభై ఏళ్ల తర్వాత కూడా జనం ఆడుతున్నారు.

బిలోలి, దాని చుట్టుపక్కల ఆకాశం

బిలోలి నాందేడ్ జిల్లాలో తాలూకా కేంద్రం. మంజీర అవతల తెలంగాణ. బోధన్, మద్నూరు, నిజామాబాద్‌లతో ఇక్కడివారికి పెళ్లి సంబంధాలూ వ్యాపారాలూ ఉన్నాయి. 1956 వరకు ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్రకు వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ-ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఈ పట్టీలో చాలానే కనిపిస్తాయి.

తాలూకాలో వాయుసేన స్థావరం లేదు. అయితే దక్షిణంగా, ఆకాశమార్గాన సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో కర్ణాటకలోని బీదర్ ఉంది. ఫైటర్ పైలట్లు కాబోయే యువ అధికారులు హాక్ జెట్ల మీద చేయి తిప్పుకునేది అక్కడే. బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న ఈ శిక్షణ విమానం 2008లో మన వాయుసేనలో చేరింది. తొమ్మిది విమానాలతో విన్యాసాలు చేసే సూర్యకిరణ్ బృందం 1996లో ఏర్పడింది కూడా బీదర్‌లోనే. మొదట్లో వారు నడిపినవి కిరణ్ జెట్లు, ఇప్పుడు హాక్‌లు. హైదరాబాద్ శివారు దుండిగల్‌లో వాయుసేన అకాడమీ 1971 నుంచి పనిచేస్తోంది. అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా 2016 జూన్ 18న కమిషన్ పొందింది అక్కడి పరేడ్ మైదానంలోనే.

మనుషుల చరిత్ర కూడా ఈ పాత హైదరాబాద్ నేలతో ముడిపడి ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978 నుంచి 1981 వరకు వాయుసేనాధిపతిగా పనిచేసి, తర్వాత మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. హైదరాబాద్‌లోనే చదువుకున్న రాకేశ్ శర్మ 1971 యుద్ధంలో మిగ్-21 నడిపారు, 1984లో అంతరిక్షానికి వెళ్లారు. ఫోన్ తెర మీద జెట్‌ను తిప్పే బిలోలి కుర్రవాడు దాన్ని పరాయి దేశపు బొమ్మగా చూడనక్కర్లేదు.

ఆట పుట్టుక

తెర మీద రెండు వాహనాలు ఒకదాన్నొకటి కాల్చుకునే ఆటలకు మూలపురుషుడు స్పేస్‌వార్. 1962లో అమెరికాలోని ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు దాన్ని పీడీపీ-1 కంప్యూటర్ మీద రాశారు. 1975లో అటారీ కంపెనీ జెట్ ఫైటర్ అనే యంత్రాన్ని ఆర్కేడ్లలోకి, అంటే నాణెం వేసి ఆడే కేంద్రాల్లోకి, తెచ్చింది. పైనుంచి చూసే దృశ్యం, ఒక తెల్ల జెట్, ఒక నల్ల జెట్, ఇద్దరు ఆటగాళ్లు. అందులో ఉన్నది అంతే, కానీ శత్రువు వెనక్కి చేరడమే గెలుపు అనే మూలసూత్రం అప్పటికే అందులో ఉంది.

1982లో కొనామి తెచ్చిన టైమ్ పైలట్‌లో ఆట 1910 నాటి రెండు రెక్కల విమానాలతో మొదలై, హెలికాప్టర్లనూ జెట్లనూ దాటి భవిష్యత్తులోకి పోతుంది. దాని రూపకర్త యోషికి ఒకమోతో తర్వాత క్యాప్‌కామ్‌లో చేరి, 1984లో రెండో ప్రపంచయుద్ధం నేపథ్యంగా ‘1942’ అనే ఆట చేశారు. ఇవన్నీ విమానాన్ని పైనుంచి చూపినవే. విమానం వెనుక నుంచి ముందుకు చూసే దృశ్యం వచ్చాకే వేగం కళ్లకు తెలిసింది.

జెట్ ఆటల్లో ఆ మలుపు తెచ్చినది సెగా. జెట్ పైలట్ల సినిమా టాప్ గన్ 1986లో వచ్చింది. మరుసటి ఏడు యూ సుజుకి నాయకత్వంలో సెగా ఆఫ్టర్ బర్నర్ విడుదల చేసింది. ఎఫ్-14 టామ్‌క్యాట్ వెనుక భాగం తెర మధ్యలో ఉంటుంది. శత్రువిమానాలు చుక్కలుగా మొదలై క్షణంలో తెరంతా నిండి పక్కనుంచి దూసుకుపోతాయి. అప్పటి యంత్రాలకు నిజమైన త్రిమితీయ చిత్రాలు గీసే శక్తి లేదు. సమతలమైన బొమ్మలనే సెకనుకు పదుల సార్లు పెద్దవి చేస్తూ లోతు ఉన్నట్టు భ్రమ కల్పించారు. ఖరీదైన నమూనాలో ఆటగాడు కూర్చునే పెట్టె స్టిక్ కదిలినట్టల్లా మోటార్లతో పక్కలకూ ముందువెనకలకూ ఒరుగుతుంది. 1990లో ఇదే సంస్థ జీ-లాక్ ఆటకు ఆర్-360 అనే పెట్టె చేసింది. అది ఆటగాణ్ణి బెల్టులతో బిగించి పూర్తిగా తలకిందులు చేసేది. యంత్రం పక్కన ఒక మనిషి కాపలా ఉండాల్సి వచ్చేది. ఆర్కేడ్ యంత్రాల చరిత్రలో ఇంత సాహసం మళ్లీ జరగలేదని నా అభిప్రాయం.

తర్వాతి అడుగు నామ్‌కోది. బహుభుజులతో గీసిన నిజమైన త్రిమితీయ ఆకాశాన్ని ఎయిర్ కంబాట్ పేరుతో మొదట ఆర్కేడ్లకు, 1995లో సోనీ ప్లేస్టేషన్‌కు తెచ్చింది. అదే ఏస్ కంబాట్ వరుస అయింది. ఆఫ్టర్ బర్నర్‌లో ఆట ఒక దారి వెంట ముందుకు లాక్కుపోతుంది. ఏస్ కంబాట్‌లో మాత్రం ఆటగాడు ఎటైనా తిరగవచ్చు, వెనక్కి రావచ్చు, ఎవరిని ముందు కొట్టాలో తనే ఎంచుకోవచ్చు. 2001లో వచ్చిన ఏస్ కంబాట్ 04 కథను ఆక్రమిత పట్టణంలోని ఒక అబ్బాయి చెబుతాడు. కూలిన విమానం ఇంటి మీద పడి కుటుంబాన్ని పోగొట్టుకున్న ఆ అబ్బాయి, చివరికి శత్రు పైలట్ల దగ్గరే చేరి వాళ్లను మనుషులుగా తెలుసుకుంటాడు. ఆటగాడు ఒక్కొక్క దశ గెలుస్తున్న కొద్దీ ఆ పిల్లవాడికి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతుంటారు. కాల్చడమే పని అయిన ఆటలో కాల్చిన దాని బరువు చూపించిన కథ ఇది. ఈ జాతి మొత్తంలో నేను మొదటి స్థానం ఇచ్చే ఆట కూడా ఇదే. ఈ వరుసలో ఏడో ఆట 2019 జనవరిలో వచ్చింది. యూబీసాఫ్ట్ 2009లో తెచ్చిన హాక్స్ కూడా ఈ కోవదే.

ఆడే పద్ధతి

కొత్తగా ఆడేవారు చేసే మొదటి పొరపాటు విమానాన్ని కారులా తిప్పాలని చూడటం. జెట్ పక్కకు తిరగదు, ఒరిగి తిరుగుతుంది. కుడివైపు మళ్లాలంటే రెక్కలను ముందు కుడికి ఒంచాలి, తర్వాత స్టిక్‌ను వెనక్కి లాగాలి. అప్పుడు ముక్కు పైకి లేచే శక్తే విమానాన్ని కుడికి మళ్లిస్తుంది. చాలా ఆటలు కొత్తవారి కోసం ఈ రెండు పనులను ఒకటి చేసి, స్టిక్ పక్కకు నెడితే చాలు విమానమే ఒరిగి తిరిగేలా చేస్తాయి. ఏస్ కంబాట్ వంటివి రెండు పద్ధతులనూ ఇస్తాయి. మొదటిరోజు కష్టమైనా ఒరిగించి స్టిక్ లాగే పద్ధతినే అలవాటు చేసుకోవడం మేలు. సులువు పద్ధతిలో విమానం తలకిందులు కాదు, బోర్లాపడి కిందికి దూకదు. పోరులో గెలిపించే కదలికల్లో సగం వాటితోనే సాధ్యం.

తెర మీద శత్రువు చుట్టూ ఒక చిన్న చతురస్రం కనిపిస్తుంది. పక్కన దూరం అంకె ఉంటుంది. చతురస్రం రంగు మారి ఎరుపై, గంటలాంటి శబ్దం ఆగకుండా మోగితే లాక్ పడినట్టు. లాక్ పడగానే మిసైల్ వదలడం రెండో పొరపాటు. మిసైల్ కూడా ఒక మేరకే మలుపు తిరగగలదు. ఎదురుగా వస్తున్న విమానం మీద, లేదా అడ్డంగా దాటిపోతున్న దాని మీద వదిలితే అది పక్కనుంచి పోతుంది. శత్రువు తోక వెనుక చేరి, అతను తన మలుపు ముగించి తిన్నగా అయ్యే క్షణంలో వదిలితే తప్పించుకోవడం కష్టం. తుపాకీకి ఇంకో నియమం: శత్రువు ఉన్నచోటికి కాదు, గుండు చేరేసరికి అతను ఉండబోయే చోటికి గురిపెట్టాలి. ఆ చోటును చాలా ఆటలు చిన్న వలయంతో చూపిస్తాయి.

వేగమంతా వాడితే గెలుస్తామనుకోవడం మూడో పొరపాటు. వేగం ఎక్కువైతే మలుపు వెడల్పవుతుంది. మలుపు బిగించాలంటే వేగం తగ్గించాలి, మరీ తగ్గిస్తే విమానం స్టాల్ అయి, అంటే రెక్కలకు గాలి మీద పట్టు పోయి, కిందికి జారుతుంది. ఈ రెంటి మధ్య ప్రతి విమానానికీ ఒక మంచి వేగం ఉంటుంది. వేగమూ ఎత్తూ ఒకదానికొకటి మారే నాణేలు. చెరువుకట్ట మీదికి సైకిల్ తొక్కితే వేగం పోతుంది, దిగేటప్పుడు తొక్కకుండానే అది తిరిగి వస్తుంది. శత్రువు మలుపు బిగించి తప్పించుకుంటుంటే, అతని వెంటే బలంగా తిరగకుండా కొంచెం పైకి లేచి, వేగాన్ని ఎత్తుగా దాచుకుని, పైనుంచి అతని మలుపు లోపలికి దిగడం పైలట్లు వాడే పాత ఉపాయం. అమెరికా వాయుసేనకు చెందిన జాన్ బాయిడ్, గణితవేత్త థామస్ క్రిస్టీ 1960లలో ఈ శక్తి లెక్కలను సిద్ధాంతంగా రాశారు. మంచి ఆర్కేడ్ ఆటల్లో స్టాల్, ఇంధనం లేకపోయినా ఈ ఒక్క లెక్క ఏదో రూపంలో ఉంటుంది. అది లేని ఆటలో విమానం బొమ్మ ఉంటుందేగాని ఎగిరిన అనుభవం ఉండదు.

తప్పించుకోవడం కూడా నేర్చుకోవలసిందే. మిసైల్ హెచ్చరిక మోగగానే బెదిరి తిరిగితే లాభం లేదు, అది కూడా మీతోపాటే తిరుగుతుంది. దాన్ని పక్కకు పెట్టుకుని, దగ్గరికి రానిచ్చి, చివరి క్షణంలో గట్టిగా మళ్లితే అది తన మలుపు దాటి ముందుకు పోతుంది. వేడిని వెంబడించే మిసైళ్లకు ఫ్లేర్లు అనే మండే గుళికలు ఎర. రాడార్ మిసైళ్లకు చాఫ్ అనే లోహపు పీలికలు ఎర. చాలా ఆటలు రెంటినీ కలిపి ఒకే బటన్‌కు ఇస్తాయి. పాత ఆఫ్టర్ బర్నర్‌లో స్టిక్‌ను ఒక వైపు నుంచి మరో వైపుకు గభాలున కొడితే విమానం బొంగరంలా దొర్లి గండం గడిచేది.

ఫోన్ మీద ఆడేవారి కష్టం వేరు. అద్దానికి స్పర్శ లేదు. వేలు ఎంత నెట్టిందో చేతికి తెలియదు, పైగా బొటనవేళ్లే సగం తెరను కప్పేస్తాయి. అందుకే ఫోన్ ఆటలు గురిని తామే సరిచేస్తాయి, కొన్ని తుపాకీని తామే పేలుస్తాయి. ఫోన్‌నే వంచి విమానాన్ని ఒంచే పద్ధతి దొరికితే దాన్ని ఎంచుకోండి. బొటనవేళ్లు ఖాళీ అవుతాయి, ఒరుగుడు చేతికి తెలుస్తుంది.

మన ఊళ్లకు వచ్చిన దారి

ఊగే సీటు ఉన్న ఖరీదైన ఆర్కేడ్ యంత్రాలు నాందేడ్ జిల్లా చిన్న పట్టణాల స్థాయివి కావు. అలాంటివి చూడాలంటే హైదరాబాద్ వంటి నగరాలకు పోవాలి. చిన్న ఊళ్లకు ఈ ఆట టీవీ ద్వారా వచ్చింది. 1990లలో, ఆ తర్వాతి దశాబ్దంలో సామురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో 8-బిట్ వీడియో గేములు మన దేశమంతా అమ్ముడుపోయాయి. ఇవి నింటెండో ఫ్యామికామ్‌కు అనుకరణలు. పిల్లలు కేసెట్ అని పిలిచే కార్ట్రిజ్ మీద లక్షల ఆటలున్నట్టు అచ్చువేసేవారు. పెట్టి చూస్తే కొన్ని పదుల ఆటలే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. వాటిలో విమానం ఆటలు తప్పక ఉండేవి: 1942, టైటో సంస్థ 1985లో చేసిన స్కై డిస్ట్రాయర్. రెండోది రెండో ప్రపంచయుద్ధపు విమానాన్ని వెనుక నుంచి చూపి, దిగంతం ఒరిగిపోతున్నట్టు భ్రమ కల్పించేది. అంత చిన్న యంత్రంలో అది గొప్ప పనితనం. జపాన్‌లో పుట్టిన ఆర్కేడ్ ఊహ మరాఠ్వాడా, తెలంగాణ ఇళ్లలో అడుగుపెట్టింది ఇలాంటి నకళ్ల వల్లనే. అవి అనుమతి లేని నకళ్లన్నది నిజం. ఒక తరానికి వేరే తలుపు తెరిచి లేదన్నదీ అంతే నిజం.

నెట్ సెంటర్లు, ఇంటి కంప్యూటర్లు తర్వాత వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో మొదలై డేటా చౌకయ్యాక ఆట పూర్తిగా ఫోన్‌లోకి మారింది. ఆన్‌లైన్‌లో నలుగురు కలిసి ఆడే జెట్ ఆటలు కరెంటు, నెట్‌వర్క్ ఉన్న ప్రతి పల్లెకూ అందాయి. ఉచితమని చెప్పే ఈ ఆటల్లో మెరుగైన విమానం కోసం వారాలు ఆడాలి, లేదా డబ్బు కట్టాలి. నాణెం వేసి ఆడిన రోజుల్లో ఖర్చు ఎంతో ముందే తెలిసేది. ఇప్పుడు అది తెలియకుండా పెరుగుతుంది. పిల్లల ఫోన్‌లో పేమెంట్ తాళం వేసి ఉంచడం తల్లిదండ్రుల బాధ్యత.

వాయుసేన సొంత ఆట

భారత వాయుసేన తన పేరుతోనే ఆటలు తీసుకొచ్చింది. 2014లో గార్డియన్స్ ఆఫ్ ద స్కైస్ వచ్చింది. 2019 జూలై 31న అప్పటి వాయుసేనాధిపతి బి.ఎస్. ధనోవా ‘ఇండియన్ ఎయిర్ ఫోర్స్: ఎ కట్ అబవ్’ అనే ఆటను విడుదల చేశారు. రెంటినీ తయారుచేసింది గురుగ్రామ్‌లోని థ్రై సంస్థ. రెండో ఆట ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ ఉచితంగా విడుదలైంది. మొదట ఒక్కరు ఆడేదిగా వచ్చి, తర్వాత పలువురు కలిసి ఆడే వీలు చేర్చుకుంది. యువతను వాయుసేన వైపు ఆకర్షించడమే లక్ష్యమని వాయుసేన దాచలేదు. అదే ఏడు ఫిబ్రవరి 26న పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద వాయుసేన దాడి, 27న ఆ దేశపు విమానాలతో గగనపోరు జరిగి ఉన్నందున ఆట ప్రచార చిత్రంలో, ఆ పోరులో పాల్గొన్న పైలట్ అభినందన్ వర్ధమాన్ మీసకట్టును తలపించే పాత్ర కనిపించగానే దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. అదే ఘటన నేపథ్యంగా 2024 మార్చి 1న వరుణ్ తేజ్ నటించిన ఆపరేషన్ వాలెంటైన్ సినిమా తెలుగు, హిందీ భాషల్లో వచ్చింది.

ఆటగా చూస్తే ఎ కట్ అబవ్ జపాన్ ఆటల నునుపును అందుకోదు. కానీ పరాయి దేశపు టామ్‌క్యాట్ నడిపిన పిల్లలకు తమ దేశపు రంగులున్న విమానాన్ని ఇచ్చింది, అది చిన్న సంగతి కాదు. అభినందన్ ఆనాడు నడిపిన మిగ్-21 కుటుంబం 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సేవ నుంచి విరమించింది. మన దేశంలో ఇక అది ఎగిరేది ఆటల్లోనే.

ఆట చూపించనివి

గట్టి మలుపులో ఫైటర్ పైలట్ మీద భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల వరకు బరువు పడుతుంది. డెబ్బై కిలోల మనిషి ఆ క్షణాల్లో ఆరువందల ముప్పై కిలోలు తూగుతాడు. రక్తం కాళ్లవైపు దిగి, చూపు ముందు మసకై, ఆపైన స్పృహ పోతుంది. ఆ స్పృహ తప్పడానికి ఇంగ్లీషులో ఉన్న పొట్టి పేరే సెగా ఆటకు జీ-లాక్ అని వచ్చింది. బిగుతైన జీ-సూటు, కడుపూ తొడలూ బిగించి ఊపిరి పట్టే సాధన లేకుండా పైలట్ ఆ మలుపును తట్టుకోలేడు. కుర్చీలో ఆడేవాడికి ఇదేదీ లేదు. ఆర్కేడ్ జెట్ పదుల కొద్దీ మిసైళ్లు మోస్తుంది, నిజమైనది కొన్నింటినే. ఆధునిక పోరులో శత్రువు చాలాసార్లు కంటికి కనిపించకముందే, రాడార్ తెర మీద చుక్కగా ఉన్నప్పుడే మిసైల్ బయలుదేరుతుంది. ఒంటరి వీరుడు కూడా ఆటలోనే. నిజంలో జతగా ఎగిరే వింగ్‌మన్, నేల మీది కంట్రోలర్, విమానాన్ని సిద్ధం చేసిన టెక్నీషియన్లు లేకుండా ఏ జెట్టూ లేవదు.

అయినా ఆట వట్టి కాలక్షేపం కాదని చెప్పడానికి ఆధారాలున్నాయి. వేగంగా కదిలే యాక్షన్ వీడియో గేములు ఆడేవారిలో దృష్టిని ఒకేసారి పలుచోట్ల నిలిపే శక్తి మెరుగవుతుందని షాన్ గ్రీన్, డాఫ్నే బావెలియర్ 2003లో నేచర్ పత్రికలో ప్రకటించారు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2020 ఆగస్టులో సిమ్యులేటర్‌లో ఒక పోటీ పెట్టింది. హెరాన్ సిస్టమ్స్ తయారుచేసిన కృత్రిమ మేధ అందులో అనుభవజ్ఞుడైన ఎఫ్-16 పైలట్‌ను అయిదు రౌండ్లలోనూ ఓడించింది. తెర మీది పోరు నిజమైన వాయుసేనల ప్రయోగశాలలోకి చేరిందనడానికి ఇదే సాక్ష్యం.

తెర నుంచి నిజమైన కాక్‌పిట్ వైపు మనసు మళ్లిన పిల్లలకు దారి ఉంది. పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష ఏటా రెండుసార్లు జరుగుతుంది. వాయుసేన విభాగానికి పన్నెండో తరగతిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తప్పనిసరి. 2022 నుంచి అమ్మాయిలకూ అందులో ప్రవేశం ఉంది. ఆ పరీక్షకు సిద్ధం చేసే సర్వీసెస్ ప్రిపరేటరీ ఇన్‌స్టిట్యూట్‌ను మహారాష్ట్ర ప్రభుత్వం 1977 నుంచి ఛత్రపతి శంభాజీనగర్‌లో నడుపుతోంది. బిలోలి, ధర్మాబాద్, దెగ్లూరు విద్యార్థులు పదో తరగతి చదువుతుండగానే దాని ప్రవేశ ప్రకటన కోసం చూడాలి.